తుప్పు తిన్న ఫ్లోరు: పైన అతుకా, కోసి తీయడమా?

ముందుగా ఒక బండిని మీకు పరిచయం చేయాలి. అమెరికాలో షెవ్రొలే కంపెనీ 1947లో ‘అడ్వాన్స్ డిజైన్’ అనే పేరుతో కొత్త రకం పికప్పు ట్రక్కులను మార్కెట్లోకి తెచ్చింది. 1955 తొలి నెలల దాకా ఆ నమూనా తయారైంది. ముందు గుండ్రటి మూలలున్న చిన్న క్యాబిన్, వెనుక సామాను వేసుకోవడానికి పైకప్పు లేని తొట్టి. పొలాల్లోనూ దుకాణాల సరఫరాల్లోనూ అరిగిపోయి ఏదో ఒక మూల పడి ఉన్న ఈ బండ్లను వెతికి పట్టుకుని, ఇంటి షెడ్డులోనే నెలల తరబడి బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించే ఔత్సాహికులు అక్కడ చాలామంది ఉన్నారు. ఇంజను భాగాలు, అద్దాలు, దీపాలు ఈనాటికీ కొత్తవి దొరుకుతాయి. అసలు చిక్కు కాళ్ల కింద ఉంటుంది.

క్యాబిన్‌లో పరచిన రబ్బరు పట్టా ఎత్తితే, దాని కింద చప్పుడు, వేడి తగ్గించడానికి వేసిన జనపనార మెత్త కనిపిస్తుంది. (ఆ రోజుల్లో ప్రపంచానికి జనపనార చాలావరకు గంగా డెల్టా నుంచే వెళ్లేది. అంటే ఆ మెత్తకూ మనకూ కొంత చుట్టరికం ఉందన్నమాట.) దాన్ని కూడా తొలగిస్తే ఎర్రటి పొడి, పొరలు పొరలుగా లేచిన రేకు, అక్కడక్కడ కింది నేల కనిపించే చిల్లులు.

విచిత్రమేమంటే ఆ బండి వెనుక తొట్టి అడుగు చెక్క పలకలతో చేసినది. పలక పుచ్చితే మార్చుకుంటే సరి. క్యాబిన్ ఫ్లోరుకు ఆ వీలు లేదు. అది చుట్టూ ఉన్న గోడలతోనూ, తలుపుల కింది అడ్డ భాగాలతోనూ కలిపి వెల్డు చేసిన ఉక్కు రేకు. సీటు దాని మీదే నిలబడుతుంది. క్యాబిన్‌ను కింది ఛాసీకి బిగించే చోట్లు కూడా ఈ ఫ్లోరు పక్కనే ఉంటాయి. ఆ బండ్లు తయారైన రోజుల్లో వాటికి సీటు బెల్టులు లేవు. ఇప్పుడు బాగుచేసేవాళ్లు చాలామంది బెల్టులు తగిలిస్తున్నారు. ఆ బెల్టుకు పట్టు చివికిన రేకులో ఉంటే, ప్రమాదంలో బెల్టు ఉన్నా లేనట్టే. కనుక ఫ్లోరు బాగుచేయడం అందం కోసం చేసే పని కాదు.

దీనికి తేలిక దారి ఒకటుంది. తుప్పును పైపైన గీకి, చిల్లు మీద ఒక రేకు ముక్క పెట్టి నాలుగు చోట్ల వెల్డు కొట్టి, లప్పం పూసి, నల్లటి తారు పెయింటు వేసేయడం. మన ఊళ్లలో టింకరింగు షెడ్లకూ ఇది కొత్త విద్య కాదు. పైన పటారం, లోన లొటారం! కొన్నాళ్లకు అదే అతుకు చుట్టూ కొత్త చిల్లులు మొదలవుతాయి. వేరే ఎక్కడో పడొచ్చుగా? ప్రత్యేకించి అతుకు చుట్టూనే ఎందుకు పడతాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మరమ్మతు ఎలా చేయాలో దానంతట అదే తేలుతుంది.

నీటి చుక్కలో బ్యాటరీ

ఇనుము, గాలి, నీరు కలిస్తే తుప్పు వస్తుందని మీరు చిన్న తరగతుల్లోనే చదివారు. ఆ వాక్యం నిజమే. కానీ అందులో ఒక ముఖ్యమైన సంగతి బయటపడదు. ఈ చర్య అంతా ఒకే చోట జరగదు. ఒకచోట ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలి, అయానుగా మారి నీటిలోకి దిగుతుంది. ఆ చోటు ఆనోడు. వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రయాణించి మరోచోటికి చేరుకుంటాయి. అక్కడ నీటిలో కరిగిన ఆక్సిజన్ వాటిని తీసుకుని, నీటితో కలిసి హైడ్రాక్సిల్ అయాన్లుగా మారుతుంది. అది కాథోడు. ఈ రెండు రకాల అయాన్లూ నీటిలో ఎదురుపడి, మరికొంత ఆక్సిజన్‌తో చర్య జరిపి గోధుమరంగు తుప్పుగా పేరుకుంటాయి. అంటే తుప్పు కనిపించే చోటు వేరు, ఇనుము నష్టమయ్యే చోటు వేరు కావచ్చు.

కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో దీన్ని ఒక్క నీటి చుక్కతో చూపించాడు. మీ కాలేజీ ప్రయోగశాలలో మీరూ చేయవచ్చు. ఒక ఇనుప రేకును గరుకు కాగితంతో బాగా రుద్ది శుభ్రం చేయండి. పలుచని ఉప్పు నీటిలో కొద్దిగా పొటాషియం ఫెర్రిసయనైడ్, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ కలపండి. ఆ ద్రవాన్ని రూపాయి బిళ్లంత చుక్కగా రేకు మీద వేసి కదపకుండా ఉంచండి. (ఫెర్రిసయనైడ్‌ను వేడి చేయకూడదు, ఆమ్లాలతో కలపకూడదు. విషవాయువు పుట్టే ప్రమాదముంది.) మొదట గీతలున్న చోట్ల చిన్నచిన్న నీలి మచ్చలు, గులాబీ మచ్చలు కలగాపులగంగా లేస్తాయి. కాసేపటికి రంగులు సర్దుకుంటాయి. చుక్క మధ్యభాగం నీలం, అంచు గులాబీ, రెండింటి నడుమ గోధుమరంగు వలయం. ఇనుము కరుగుతున్న చోట నీలం, హైడ్రాక్సిల్ అయాన్లు పుట్టే చోట గులాబీ.

ఇక్కడ ఆగి ఆలోచించండి. చుక్క అంచున నీటిపొర పలుచన, గాలి సులువుగా అందుతుంది. మధ్యలో నీరు మందం, అక్కడి ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోతుంది. మరి ఇనుము కరిగిపోయింది ఎక్కడ? ఆక్సిజన్ తక్కువగా ఉన్న మధ్యభాగంలో! ఆక్సిజన్ అందే అంచు కాథోడై తనను తాను కాపాడుకుంటూ, ఆక్సిజన్ అందని భాగాన్ని బలి ఇస్తుంది. దీన్ని గాలి వ్యత్యాసం వల్ల కలిగే లోహక్షయం అంటారు. గాలి తగలకుండా మూసేస్తే ఇనుము క్షేమమనుకునే మన సహజమైన ఊహ, లోపల అప్పటికే తడి ఉంటే, పూర్తిగా తలకిందులవుతుందన్నమాట.

ఇప్పుడు అతుకు దగ్గరకు రండి. పాత రేకు మీద కొత్త రేకు ఒకదానిపై ఒకటి కూర్చున్న చోట వెంట్రుకంత సందు మిగులుతుంది. కేశనాళికా ప్రభావం వల్ల నీరు అందులోకి ఎక్కుతుంది గానీ తేలికగా దిగదు, ఆరదు. సందు లోపల ఆక్సిజన్ అయిపోతుంది. సందు బయట కావలసినంత ఉంటుంది. ఎవాన్స్ చుక్కే ఇక్కడ రేకుల మధ్య ఇరుక్కుని కూర్చుంది! ఉప్పు కూడా ఉంటే మరీ కష్టం. సందులో పోగయ్యే ఇనుప అయాన్ల ధనావేశాన్ని సరితూచడానికి బయటి క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. లోపలి నీరు క్రమంగా ఆమ్లగుణం సంతరించుకుని ఇనుమును ఇంకా వేగంగా తింటుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి రెండు రేకులనూ అది చీల్చి విడదీస్తుంది, సందు పెద్దదవుతుంది, మరింత నీరు చేరుతుంది.

నిజానికి ఈ లోపం అతుకు వేసినవాడితో మొదలు కాలేదు. ఫ్యాక్టరీలోనే ఫ్లోరు రేకును ఇతర భాగాలపై కొద్దిగా ఎక్కించి స్పాట్ వెల్డింగు చేశారు. ఆ అంచుల్లో, మూలల్లో, కింద బలానికి అతికించిన రేకుల మధ్య తుప్పు మొదట పుట్టేది అందుకే. జింకు పూత వేసిన రేకులను కార్ల కంపెనీలు విస్తృతంగా వాడడం 1980లలో గానీ రాలేదు. దీనికి తోడు ఈ షెవ్రొలే బండిలో బ్యాటరీ కూడా ప్రయాణికుడి కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉండేది. అందులోంచి వచ్చే ఆమ్లపు తుంపరలు ఆ పక్క రేకు మీద తమ వంతు పని చేశాయి.

ఉప్పు చేసిన అప్పు

ఉత్తర అమెరికాలో చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకడుతుంది. దాన్ని కరిగించడానికి ఉప్పు చల్లుతారు. తగినంత గాఢత ఉన్న ఉప్పునీరు మైనస్ 21 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టకుండా ఉండగలదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ అలవాటు బాగా పెరిగింది. ఈనాడు అమెరికాలో ఏటా కోటి టన్నులకు పైగా ఉప్పు రోడ్ల పాలవుతోంది. ప్రాణాలు కాపాడే ఉప్పే బండ్ల ప్రాణం తీస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి మన తీరపట్టణాల్లో సముద్రపు గాలి ఇదే పనిని నెమ్మదిగా చేస్తుంది.

ఉప్పు నీటి వాహకతను పెంచుతుందని మీకు తెలుసు. అంతకంటే మోసకారి గుణం మరొకటి ఉంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని తానే ద్రవమవుతుంది. రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్‌కయితే సుమారు 33 శాతమే చాలు. కనుక వాన పడని రోజు కూడా, షెడ్డులో నీడపట్టున ఉన్న బండిలో కూడా, ఉప్పు దాగిన గుంటలో తడి ఉంటుంది. చలిదేశాల్లో మరో తమాషా జరుగుతుంది. బండిని జాగ్రత్తగా చూసుకుంటున్నామనుకుని, ఉప్పు బురదతో ఉన్నదాన్ని కడగకుండా వెచ్చని గ్యారేజీలో పెడతారు. బయట చలిలో దాదాపు నిద్రపోయే చర్య లోపలి వెచ్చదనానికి చురుగ్గా లేస్తుంది.

అందుకే మరమ్మతులో మొదటి పనిముట్టు వెల్డింగు మిషను కాదు, నీళ్ల పైపు. రేకును, సందులను మంచినీటితో పలుమార్లు కడిగి, వేడిగాలితో పూర్తిగా ఆరబెట్టాలి. తుప్పు గుంటల అడుగున క్లోరైడ్ మిగిలితే పైన ఎంత ఖరీదైన పెయింటు వేసినా కింద పని సాగుతూనే ఉంటుంది. సముద్రంలోంచి తీసిన ఇనుప వస్తువులను మ్యూజియం నిపుణులు క్షార ద్రావణాల్లో నెలల తరబడి నానబెట్టేది ఈ క్లోరైడ్‌ను రాబట్టడానికే.

ఎంత మేర కోయాలి?

చిల్లు ఎంత ఉంటే అంత ముక్క సరిపోదు. సన్నమొన ఉన్న సుత్తితో ఫ్లోరంతా తట్టుకుంటూ పోవాలి. ఆరోగ్యంగా ఉన్న రేకు ఖంగుమంటుంది. చివికినది చప్పగా డబ్బుమంటుంది, లేదా మొన దిగిపోతుంది. పైన బాగానే కనిపించిన చోట మొన దిగడం మామూలే. పైన పెయింటు ఉన్నా కింద రెండు రేకుల నడుమ తినేసి ఉంటుంది. మొన దిగిన చోటల్లా సుద్దముక్కతో గీసుకుని, ఆ గీతకు రెండు మూడు సెంటీమీటర్లు అవతల, మెరిసే లోహం తగిలేదాకా కోయాలి.

ఈ విషయంలో మొహమాటపడితే భౌతికశాస్త్రం ఊరుకోదు. ఇలాంటి ఫ్లోర్లకు సాధారణంగా వాడే 18 గేజి రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. తుప్పు సగం తిన్నచోట 0.6 మిల్లీమీటర్లే మిగులుతుంది. ఉక్కు సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెల్డింగు వేడిని చుట్టూ పంచడానికి పలుచని రేకులో సరిపడా లోహం ఉండదు. కాబట్టి అంచు జారిపోయి చిల్లు ఇంకా పెద్దదవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ చేతి లోపమనుకుంటారు గానీ, చాలాసార్లు అది రేకు చెబుతున్న తీర్పు: ఇంకా కోయి అని.

కోసేముందు రెండు జాగ్రత్తలున్నాయి. వీటిలో ఒకటి ప్రాణాలకు, మరొకటి బండికి.

ఆ కాలపు చాలా పికప్పులలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుక ఉండేది. దాన్ని పూర్తిగా విప్పి షెడ్డు బయటకు చేర్చకుండా నిప్పురవ్వ పుట్టించే ఏ పనీ చేయరాదు. ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం, ఎందుకంటే పేలేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. బ్యాటరీ తీగలు విప్పాలి. ఆనాటి పెయింట్లలో సీసం ఉండేది. దాన్ని గ్రైండరుతో రుద్దితే లేచే ధూళి ఊపిరితో లోపలికి వెళ్తుంది. షెడ్డు ఇంటికి ఆనుకుని ఉంటే పసిపిల్లల చేతులకూ అంటుతుంది. మంచి మాస్కు, తడి గుడ్డతో తుడవడం తప్పనిసరి. జింకు పూత ఉన్న రేకును వెల్డు చేస్తే జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది, కనుక అతుకు అంచుల్లో ఆ పూత ముందే రుద్దేయాలి. క్లోరిన్ ఉన్న ద్రావకాలతో జిడ్డు తుడిచి, అది ఆరకముందే ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల మీద ప్రయోగించిన వాయువది.

ఇక బండి సంగతి. ఫ్లోరు తీసేసిన క్యాబిన్ అడుగు లేని అట్టపెట్టె లాంటిది, దాని ఆకారం నిలవదు. తలుపుల చోట్లలో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు తాత్కాలికంగా వెల్డు చేసి, తలుపుల చుట్టూ సందులు కొలిచి రాసుకున్న తరువాతే కోత మొదలెట్టాలి. అదీ ఒక్కసారిగా కాదు. ఎడమ పక్క పూర్తయ్యాకే కుడి పక్క. ఈ సంగతి పట్టించుకోనివాళ్లకు చివర్లో తలుపులు మూతపడవు.

అంచుకు అంచు

కొత్త ముక్కను పాతదాని మీద ఎక్కించకుండా, అంచుకు అంచు ఆనించి వెల్డు చేయడం మేలు. కారణం మీకు ఇప్పటికే తెలుసు: సందు ఉండదు, ఎవాన్స్ చుక్కకు చోటుండదు. కానీ ఇది కష్టమైన పని. ముందు దళసరి కాగితంతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం రేకు కోసి, అరగదీస్తూ వెల్డింగు తీగ మందమంత ఖాళీ మాత్రమే మిగిలేలా సరిచూడాలి. తరువాత తీగ తానే ముందుకు నడిచే మిగ్ వెల్డింగు మిషనుతో, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమపు రక్షణలో, చుక్కలు చుక్కలుగా వెల్డు వేస్తారు. ఒక చుక్క ఇక్కడ, రెండోది ఎదుటి మూలన, మూడోది మధ్యలో. ఒకే వరుసలో గీతలా లాగితే కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుని రేకు మొత్తాన్ని అప్పడంలా వంచేస్తుంది. అతుకు వెనుక ఒక రాగి పలక పట్టడం మంచి ఉపాయం. రాగి ఉక్కు కంటే సుమారు ఎనిమిది రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, వెల్డు దానికి అంటుకోదు. చుక్కలన్నీ కలిసేసరికి ఒక పూట పడుతుంది. ఓపిక లేనివాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

కింద బలానికి ఉన్న భాగాల మీద మాత్రం రేకుపై రేకు వేయక తప్పదు. అక్కడ కలిసే ముఖాలకు ముందే జింకు ఉన్న ప్రైమరు పూసి, వెల్డింగు అయ్యాక రెండు వైపులా అంచుల వెంట సీలెంటు పట్టించాలి. జింకు ఇనుము కంటే తేలికగా ఎలక్ట్రాన్లు వదులుతుంది కనుక తాను ఆనోడై కరుగుతూ ఇనుమును కాథోడుగా నిలబెడుతుంది.

కరక్కాయ చేసే పని

చిల్లు పడకుండా గుంటలు మాత్రమే పడిన రేకును కోయనక్కరలేదు. వైరు బ్రష్షుతో వదులు తుప్పు పోగొట్టాక, గుంటల్లో పట్టుగా మిగిలినదాని మీద తుప్పు మార్పిడి ద్రావణం పూస్తారు. వీటిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లం, రెండోది టానిక్ ఆమ్లం. మొదటిది తుప్పును కరగని ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఢిల్లీ కుతుబ్ ప్రాంగణంలో ఉన్న, సుమారు 1600 ఏళ్ల నాటి ఇనుప స్తంభాన్ని కాపాడినదీ ఫాస్ఫేటు పొరేనని ఐఐటీ కాన్పూరుకు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనల్లో తేలింది. ఆ ఇనుములో ఫాస్ఫరస్ దాదాపు 0.25 శాతం ఉంది, ఇప్పటి మామూలు ఉక్కులో ఉండేదానికి ఎన్నో రెట్లు.

రెండోదాన్ని తెలుగువాళ్లు ఎప్పుడో వాడుకలో పెట్టారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో పులియబెట్టి, ఆ ద్రవంతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తారు. గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లటి పదార్థమవుతుంది. టానిక్ ఆమ్లం పూసిన తుప్పు నీలి నలుపుకు తిరిగేదీ ఇదే చర్య వల్ల.

అయితే సీసా మీద ఏమి రాసి ఉన్నా ఒకటి గుర్తుంచుకోండి. ఈ ద్రావణాలు తుప్పును మారుస్తాయే గానీ పోయిన ఇనుమును తిరిగి తేవు. పలుచనైన రేకు పలుచనగానే ఉంటుంది. దళసరి తుప్పు పొర అడుగుదాకా అవి దిగనూ దిగవు. సీటు బోల్టు చుట్టూ వీటిని నమ్ముకోవడం తగదు.

ఆ తరువాత గాలి, నీరు చొరని ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పెయింటు, చేయి దూరని మూసిన భాగాల్లో పిచికారీ చేసే మైనం. జనపనార మెత్త బదులు నీరు పీల్చని నురుగు పట్టా. విండ్‌షీల్డు చుట్టూ చివికిన రబ్బరు మార్చడం, ఎందుకంటే ఫ్లోరు మీదికి నీరు చాలావరకు అక్కడి నుంచే కారుతుంది. పైన సీలెంటు పూసే ఉత్సాహంలో అడుగున ఫ్యాక్టరీవాళ్లు విడిచిన నీటి దారులను కూడా పూడ్చేయడం తరచు జరుగుతుంది. అందుకే పట్టా పరిచేముందు ఫ్లోరు మూలలో ఒక చెంబెడు నీళ్లు పోసి, బండి కింద పడుకుని, అవి ఏ రంధ్రం గుండా, ఎంతసేపట్లో బయటికి వస్తున్నాయో చూడాలి. పోసినన్ని రాకపోతే మిగిలినవి ఏ సందులో ఆగాయో వెతికి పట్టుకున్నాకే పట్టా.